బేస్ గిటార్ మోగితే స్పీకర్ ఎందుకు చిరుగుతుంది?.. లో నోట్స్ వెనుక ఉన్న అసలు కథ ఇదీ!

పాటలో బేస్ గిటార్ ఉందని చాలామంది గుర్తించరు. కానీ అది ఆగిపోతే మాత్రం పాట మొత్తం ఖాళీ అయిపోయినట్టు అనిపిస్తుంది. ఇళయరాజా పాటలు హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మరి ఆ లోతైన శబ్దాన్ని స్టేజీ మీద వినిపించాలంటే యాంప్లిఫైయర్, స్పీకర్ క్యాబినెట్ ఎంత కష్టపడాలి? మామూలు గిటార్ యాంప్‌లో బేస్ గిటార్ పెడితే ఏమవుతుంది? 15 అంగుళాల స్పీకర్ ఉంటేనే బేస్ వస్తుందా? వాట్స్ ఎక్కువైతే సౌండ్ ఎక్కువైనట్టేనా? వివరంగా చూద్దాం.

ముందుగా ఒక చిన్న అనుభవం. మా కాలేజ్ ఫెస్ట్‌లో బ్యాండ్ ప్రోగ్రామ్ పెట్టుకున్నాం. బేస్ వాయించే కుర్రాడికి విడిగా యాంప్ లేదు. గిటారిస్ట్ యాంప్ ఒకటి ఖాళీగా ఉంటే, 'రెండూ గిటార్లే కదా' అని దానికే తగిలించేశాం. సౌండ్ చెక్‌లో మొదటి పాట బాగానే సాగింది. రెండో పాటలో లావు తీగ మీద నోట్ గట్టిగా పడగానే 'బర్ర్' మని శబ్దం. ఆ తర్వాత ఏం వాయించినా చిరిగిన డప్పు మోగినట్టే వచ్చింది. స్పీకర్ కోన్ పోయింది. సాయంత్రం ప్రోగ్రామ్ బేస్ లేకుండానే నడిచింది. ఆ కోన్ మార్పించడానికి అందరం డబ్బులు వేసుకున్నాం. తప్పు యాంప్‌ది కాదు, మాదే. ఎందుకో అప్పుడు మాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజు అలా జరిగేది కాదు.

బేస్ నోట్ అంటే ఎంత లోతు?

శబ్దం అంటే గాలిలో కంపనం. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తే అన్ని హెర్ట్జ్. మామూలు గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. 4 తీగల బేస్ గిటార్‌లో లావు తీగ సరిగ్గా అందులో సగం, అంటే సుమారు 41 హెర్ట్జ్. మిగతా మూడు తీగలు వరసగా 55, 73, 98 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. 5 తీగల బేస్ అయితే ఇంకా కిందికి, దాదాపు 31 హెర్ట్జ్ దాకా వెళ్తుంది. మనిషి చెవికి వినిపించే కనీస హద్దు 20 హెర్ట్జ్ అంటారు కాబట్టి, బేస్ గిటార్ దాదాపు ఆ గడప దాకా వెళ్లి వస్తుందన్నమాట.

41 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఎంతో తెలుసా? గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. దాన్ని 41తో భాగిస్తే 8.3 మీటర్లకు పైనే. 31 హెర్ట్జ్ అయితే 11 మీటర్లు. అంటే ఒక్క తరంగమే దాదాపు ఆర్టీసీ బస్సంత పొడవు. ఇంత పెద్ద అలను అడుగు వెడల్పు కూడా లేని కాగితపు కోన్ పుట్టించాలి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

కోన్ ఎంత ఊగాలి?

విసనకర్రతో పోల్చి చూద్దాం. చకచకా ఊపితే చిన్న ఊపు సరిపోతుంది. నెమ్మదిగా ఊపుతూ అంతే గాలి రావాలంటే చేతిని బాగా బారుగా ఊపాలి. స్పీకర్ కోన్ పరిస్థితి కూడా అంతే, నిజానికి ఇంకాస్త కఠినం. ఒకే స్పీకర్ నుంచి అదే స్థాయి శబ్దం రావాలంటే, ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గినప్పుడల్లా కోన్ కదలిక 4 రెట్లు పెరగాలి.

ఇప్పుడు లెక్క చూడండి. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర కోన్ 1 మిల్లీమీటర్ కదిలితే చాలనుకుందాం. బేస్ లావు తీగ 41 హెర్ట్జ్‌ని అంతే శబ్దంతో వినిపించాలంటే 4 మిల్లీమీటర్లు కదలాలి. 5 తీగల బేస్‌లో 31 హెర్ట్జ్‌కి వెళ్తే 7 మిల్లీమీటర్లు దాటుతుంది. గిటార్ స్పీకర్లను అంత దూరం కదలడానికి తయారుచేయరు. వాటి కోన్ తేలిగ్గా ఉంటుంది, చుట్టూ ఉండే అంచు బిగుతుగా ఉంటుంది, వెనుక వాయిస్ కాయిల్ పొట్టిగా ఉంటుంది. బలవంతంగా కదిలిస్తే కాయిల్ మ్యాగ్నెట్ ఖాళీలోంచి బయటికొచ్చేస్తుంది. లేదా వెనక్కి వెళ్లి లోహపు పలకకు కొట్టుకుంటుంది. కోన్ అంచు చిరగొచ్చు కూడా. మా ఫెస్ట్‌లో 'బర్ర్' మన్నది ఇదే.

అలాగని గిటార్ యాంప్‌లో బేస్ అసలు పెట్టకూడదా అంటే, ఇంట్లో చాలా తక్కువ వాల్యూమ్‌లో ప్రాక్టీస్ చేసుకుంటే సాధారణంగా ఏమీ కాదు. డ్రమ్స్‌తో పోటీపడేంత పెంచితేనే ప్రమాదం.

పెట్టె లేకపోతే బేస్ లేదు

స్పీకర్‌ని పెట్టెలోంచి తీసి చేతిలో పట్టుకుని పాట వినిపిస్తే మాటలు వినిపిస్తాయి కానీ బేస్ మాయమవుతుంది. ఎందుకంటే కోన్ ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనుక గాలి పలచబడుతుంది. తరంగం 8 మీటర్ల పొడవు ఉన్నప్పుడు ముందు గాలి తేలిగ్గా అంచు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లిపోతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఈ రెండింటినీ విడదీయడమే క్యాబినెట్ మొదటి పని. వెనుక తెరిచి ఉండే గిటార్ కాంబో యాంప్‌లలో బేస్ పలచగా ఉండటానికి ఒక కారణం ఇదే.

బేస్ క్యాబినెట్లు ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది సీల్డ్ క్యాబినెట్. అన్ని వైపులా మూసేసిన పెట్టె. లోపల గాలి స్ప్రింగ్‌లా పనిచేస్తూ కోన్‌ని అదుపులో పెడుతుంది. కింది నోట్లకు వెళ్లేకొద్దీ శబ్దం తగ్గుతుంది కానీ నెమ్మదిగా తగ్గుతుంది. హద్దు దాటాక ఫ్రీక్వెన్సీ సగమైతే 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది.

రెండోది పోర్టెడ్ క్యాబినెట్. పెట్టెకు ఒక గొట్టమో, పొడవాటి చీలికో ఉంటుంది. ఖాళీ సోడా సీసా మూతి మీద ఊదితే 'హూం' అని ఒకే స్వరం వస్తుంది కదా, అదే సూత్రం. పెట్టెలోని గాలి, పోర్ట్‌లోని గాలి కలిసి ఒక నిర్దిష్ట ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతాయి. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర కోన్ దాదాపు కదలదు, పని మొత్తం పోర్ట్‌లోని గాలే చేస్తుంది. అందుకే ఒకే స్పీకర్‌తో ఇంకా లోతైన శబ్దం తీయొచ్చు.

కానీ దీనికో మెలిక ఉంది. ఆ ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ కంటే కిందికి వెళ్తే పోర్ట్‌లోంచి గాలి అటూ ఇటూ తిరిగిపోతుంది. కోన్‌కి అడ్డు ఉండదు. శబ్దం 24 డెసిబెల్స్ చొప్పున వేగంగా పడిపోతుంది, కోన్ మాత్రం విపరీతంగా ఊగుతుంది. ఉదాహరణకు పెట్టెని 50 హెర్ట్జ్‌కి ట్యూన్ చేశారనుకోండి. 5 తీగల బేస్‌తో 31 హెర్ట్జ్ నోట్ గట్టిగా కొడితే చెవికి పెద్దగా వినిపించదు, కానీ కోన్ ప్రాణం మీదికి వస్తుంది. ఈ కారణంగానే ఇప్పుడు చాలామంది బేస్ ప్లేయర్లు హై పాస్ ఫిల్టర్ వాడుతున్నారు. క్యాబినెట్ ఎలాగూ పలకలేని అడుగు శబ్దాన్ని అది ముందే కోసేస్తుంది. యాంప్‌కి భారం తగ్గుతుంది, స్పీకర్ బతుకుతుంది.

లెక్క కట్టింది ఎవరు?

ఒకప్పుడు పెట్టె ఎంత ఉండాలి, పోర్ట్ ఎంత పొడవుండాలి అన్నది చాలావరకు అనుభవం మీద, అంచనా మీద నడిచేది. దీన్ని సూత్రాల్లోకి తెచ్చింది ఆస్ట్రేలియా ఇంజినీర్ నెవిల్ థీల్. 1961లో ఆయన పోర్టెడ్ పెట్టెల మీద ఒక పత్రం సమర్పించారు. 1970ల మొదట్లో సిడ్నీ యూనివర్సిటీలో రిచర్డ్ స్మాల్ ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు. స్పీకర్ల డేటా షీట్లలో ఇప్పటికీ కనిపించే 'థీల్ స్మాల్ పారామీటర్స్' వీళ్ల పేర్ల మీద వచ్చినవే. స్పీకర్ కొలతలు తెలిస్తే చాలు, పెట్టె కొయ్యకముందే అది ఎలా పలుకుతుందో లెక్కగట్టేయొచ్చు.

మూడు కోరికలు.. రెండే తీరుతాయి

స్పీకర్ ప్రపంచంలో 'హాఫ్‌మన్ ఐరన్ లా' అని ఒక మాట ఉంది. అమెరికాలో 1957లో మొదలైన కేఎల్‌హెచ్ అనే స్పీకర్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన హాఫ్‌మన్ పేరు మీద వచ్చింది. కంపెనీ పేరులో చివరి 'హెచ్' ఆయనే. ఆ సూత్రం చెప్పేది ఏంటంటే.. పెట్టె చిన్నగా ఉండాలి, లోతైన బేస్ రావాలి, తక్కువ పవర్‌తో పెద్ద సౌండ్ రావాలి. ఈ మూడింటిలో రెండు మాత్రమే ఎంచుకోగలరు. మూడోది వదులుకోవాల్సిందే.

ఇది సామెతలా వినిపించినా వెనుక గట్టి లెక్క ఉంది. 80 హెర్ట్జ్ దాకా పలికే పెట్టెను, అదే సామర్థ్యంతో 40 హెర్ట్జ్ దాకా పలికించాలంటే పెట్టె ఘనపరిమాణం 8 రెట్లు కావాలి. రెండు రెట్లు కాదు, ఎనిమిది! చిన్న బ్లూటూత్ స్పీకర్లలో బేస్ వస్తోంది కదా అని అడగొచ్చు. అక్కడ వదులుకున్నది మూడో కోరిక, అంటే పెద్ద సౌండ్. గదిలో వినడానికి అది చాలు. పక్కన డ్రమ్ సెట్ ఉంటే ఆ స్పీకర్ ఉన్నట్టు కూడా తెలియదు.

చరిత్ర చెబుతున్న పాఠం

అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ని తెచ్చారు. నిలువెత్తు డబుల్ బేస్‌ని మోయలేక ఇబ్బంది పడే వాద్యకారులకు అదో పెద్ద ఊరట. వెంటనే 1952లో దానికోసమే 'బాస్‌మన్' అనే యాంప్ వచ్చింది. అందులో ఒక్క 15 అంగుళాల స్పీకర్. తర్వాత దాన్నే మార్చి 1950ల రెండో సగంలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లతో అమ్మారు. విచిత్రం ఏంటంటే, బేస్ కోసం చేసిన ఆ యాంప్ గిటారిస్టులకు తెగ నచ్చేసింది. లండన్‌లో జిమ్ మార్షల్ తన మొదటి యాంప్‌ని దాన్ని ఆధారంగా చేసుకునే తయారుచేశారు.

మరోవైపు ఆంపెగ్ కంపెనీ. దీని పేరు 'యాంప్లిఫైడ్ పెగ్' అనే మాట నుంచి వచ్చింది. డబుల్ బేస్ అడుగున నేలకు ఆనే మేకు లోపల మైక్ లాంటి పరికరం పెట్టడం ఎవరెట్ హల్ ఆలోచన. ఈ కంపెనీ 1960లో బి 15 పోర్టాఫ్లెక్స్ తెచ్చింది. యాంప్‌ని తలకిందులు చేసి పెట్టె లోపలికే మడిచేయొచ్చు. 15 అంగుళాల స్పీకర్ ఒక్కటి, పవర్ కేవలం 25 వాట్స్ స్థాయి. మోటౌన్ పాటల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ వాడిన యాంప్ ఇదే. స్టూడియోకి, చిన్న క్లబ్‌కి అది చాలు.

కానీ 1960ల చివరికి రాక్ కచేరీలు స్టేడియంలకు చేరాయి. 25 వాట్స్ ఎటూ సరిపోవు. అప్పుడు 1969లో ఆంపెగ్ ఎస్‌వీటీ వచ్చింది. 300 వాట్స్, 14 ట్యూబులు. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ అమెరికా టూర్‌లో దాన్ని వాడారు. దానికి జతగా ఎనిమిది 10 అంగుళాల స్పీకర్ల నిలువెత్తు క్యాబినెట్. దాని లోపల నాలుగు మూసిన గదులు, ఒక్కో గదిలో రెండేసి స్పీకర్లు. మొదట్లో ఒక్క హెడ్‌కి అలాంటి రెండు క్యాబినెట్లు పెట్టేవారు. ఇప్పటి మోడల్ బరువు కూడా 60 కిలోలకు పైనే. మోసేవాళ్లు దానికి 'ఫ్రిజ్' అని పేరు పెట్టారంటే ఊరికే కాదు.

ఇప్పుడు అసలు ట్విస్ట్. రాక్ బేస్‌కి ప్రతీకగా నిలిచిన ఆ క్యాబినెట్ స్పెసిఫికేషన్ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దాని 810ఈ మోడల్‌లో 58 హెర్ట్జ్ దగ్గరే శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. 40 హెర్ట్జ్‌కి వచ్చేసరికి 10 డెసిబెల్స్ తగ్గిపోతుంది. అంటే బేస్ గిటార్ లావు తీగ అసలు స్వరం 41 హెర్ట్జ్‌ని అది పూర్తిగా పలకనే పలకదు! హాఫ్‌మన్ చెప్పిన మూడింటిలో అక్కడ లోతుని కొంచెం వదిలి, పెద్ద సౌండ్‌ని పట్టుకున్నారు.

మరి మనకెలా వినిపిస్తోంది?

దీనికి జవాబు స్పీకర్‌లో లేదు, మన మెదడులో ఉంది. ఏ తీగ మోగినా ఒక్క ఫ్రీక్వెన్సీ మాత్రమే రాదు. 41 హెర్ట్జ్‌తో పాటు 82, 123, 164 ఇలా దాని గుణిజాలు కూడా వస్తాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. బేస్ గిటార్‌లో చాలాసార్లు 82 హెర్ట్జ్ శబ్దమే 41 కంటే బలంగా ఉంటుంది.

82, 123, 164.. వీటి మధ్య తేడా ఎంత? 41. చెవికి ఇవి అందితే చాలు, అడుగున 41 ఉందని మెదడు తనే పూరించుకుంటుంది. 'మిస్సింగ్ ఫండమెంటల్' అంటారు దీన్ని. మొబైల్ ఫోన్ స్పీకర్ అంత కిందికి ఏ మాత్రం పలకలేదు. అయినా ఫోన్‌లో పాట వింటే బేస్ ఏ స్వరంలో నడుస్తోందో పట్టుకోగలుగుతున్నాం. కాకపోతే గుండెల్లో దడ మాత్రం రాదు. స్వరం తెలుసుకోవడం వేరు, ఒంటికి తగలడం వేరు. ఒంటికి తగలాలంటే నిజంగానే గాలి కదలాలి.

కాబట్టి బేస్ క్యాబినెట్ కొనేటప్పుడు '30 హెర్ట్జ్ దాకా వస్తుందా' అన్న ఒక్క ప్రశ్న సరిపోదు. 80 నుంచి కొన్ని వందల హెర్ట్జ్ దాకా ఎంత శుభ్రంగా పలుకుతోంది అన్నదే బ్యాండ్‌లో మీ నోట్ వినిపిస్తుందా లేదా అన్నది తేలుస్తుంది.

15 అంగుళాలా? 10 అంగుళాలా?

పెద్ద స్పీకర్ అయితే బేస్, చిన్నదైతే ట్రెబుల్ అని చాలామంది నమ్మకం. ఇది సగం నిజమే. చూడాల్సింది మొత్తం ఎంత గాలి కదులుతోంది అన్నది. అంటే కోన్ల మొత్తం వైశాల్యాన్ని అవి కదలగలిగే దూరంతో గుణించాలి. 10 అంగుళాల స్పీకర్ కోన్ వైశాల్యం సుమారు 350 చదరపు సెంటీమీటర్లు. 15 అంగుళాలది 850 వరకు ఉంటుంది. నాలుగు 10 అంగుళాలవి కలిపితే 1400. ఎనిమిది కలిపితే 2800. అంటే ఎనిమిది 'చిన్న' స్పీకర్లు కలిసి ఒక్క 15 అంగుళాల స్పీకర్‌కి మూడింతలకు పైగా ఉన్నట్టు. పైగా ఎంత కిందికి పలుకుతుంది అన్నది కొలత మీద కాదు, స్పీకర్ డిజైన్, పెట్టె మీద ఆధారపడుతుంది. మంచి 10 అంగుళాల క్యాబినెట్, నాసిరకం 15 అంగుళాల క్యాబినెట్ కంటే లోతుగా పలకొచ్చు.

వాట్స్ మాయ

షాపులో మొదట వినిపించే మాట వాట్స్. కానీ పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి అది కొద్ది తేడాగానే తెలుస్తుంది. సౌండ్ 'రెండింతలు' అయినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ 10 రెట్లు కావాలి. దానికి బదులు అదే రకం క్యాబినెట్ ఇంకొకటి పక్కన పెడితే, యాంప్ ఆ లోడ్‌ని తట్టుకోగలిగితే, లో నోట్స్‌లో 6 డెసిబెల్స్ దాకా లాభం ఉంటుంది. చాలాసార్లు డబ్బు పెట్టాల్సింది యాంప్ మీద కాదు, స్పీకర్ల మీద.

ఇక బేస్ నాబ్ సంగతి. వినిపించట్లేదని దాన్ని కుడివైపు తిప్పేస్తాం. 6 డెసిబెల్స్ పెంచితే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర యాంప్ 4 రెట్లు పవర్ ఇవ్వాలి. 12 డెసిబెల్స్ పెంచితే 16 రెట్లు. 20 వాట్స్‌తో నడుస్తున్న చోట ఒక్క నాబ్ తిప్పితే 320 వాట్స్ కావాలన్నమాట. యాంప్‌లో అంత లేకపోతే శబ్దం పగులుతుంది. ఉంటే స్పీకర్ పని అయిపోతుంది.

క్యాబినెట్ వెనుక '400 వాట్స్' అని రాసి ఉంటే అది సాధారణంగా కాయిల్ వేడికి తట్టుకునే హద్దు. కోన్ కదలిక హద్దు వేరు. లో నోట్స్ దగ్గర కాయిల్ వేడెక్కకముందే, చాలా తక్కువ వాట్స్‌కే కోన్ తన హద్దు చేరుకోవచ్చు. కాబట్టి స్పీకర్ నుంచి టపటపమనే శబ్దం వస్తే ముందు చేయాల్సిన పని వాల్యూమ్, బేస్ తగ్గించడం.

ఓమ్స్ దగ్గర పొరపాటు వద్దు

యాంప్ వెనుక 'కనీసం 4 ఓమ్స్' అని రాసి ఉంటుంది. దీన్ని పట్టించుకోకపోతే కాలిపోయేది యాంపే. రెండు 8 ఓమ్స్ క్యాబినెట్లు కలిపితే మొత్తం 4 ఓమ్స్, ఫర్వాలేదు. రెండు 4 ఓమ్స్ క్యాబినెట్లు కలిపితే 2 ఓమ్స్ అవుతుంది. అంటే యాంప్ నుంచి అది ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ కరెంట్ లాగుతున్నట్టు. ట్యూబ్ యాంప్ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. స్పీకర్ తగిలించకుండా దాన్ని ఆన్ చేసి వాయించకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినొచ్చు.

కేబుల్ కూడా ముఖ్యమే. గిటార్‌కి వాడే సన్నని కేబుల్‌ని యాంప్‌కి, క్యాబినెట్‌కి మధ్య పెట్టకూడదు. చూడటానికి జాక్ ఒకేలా ఉంటుంది, లోపల వైరు వేరు. అక్కడ స్పీకర్ కేబులే వాడాలి.

ఇప్పుడు చేత్తో పట్టుకెళ్లే రెండు, మూడు కిలోల క్లాస్ డి యాంపులు 500 వాట్స్ ఇస్తున్నాయి. నియోడైమియం మ్యాగ్నెట్లు వచ్చాక స్పీకర్ల బరువు కూడా బాగా తగ్గింది. బరువు తగ్గింది కానీ పెట్టె సైజు మాత్రం పెద్దగా తగ్గలేదు. కారణం తెలిసిందే, హాఫ్‌మన్ సూత్రాన్ని ఎవరూ దాటలేరు.

గది ఆడే ఆట

అదే యాంప్, అదే సెట్టింగ్. ఒక హాల్‌లో అదిరిపోతుంది, ఇంకో హాల్‌లో మూగబోతుంది. తప్పు గదిది. క్యాబినెట్ వెనుక గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం ముందు శబ్దంతో కలుస్తుంది. స్పీకర్ ముందు భాగం గోడకు 1 మీటర్ దూరంలో ఉంటే సుమారు 86 హెర్ట్జ్ దగ్గర రెండూ రద్దయిపోతాయి. అది సరిగ్గా బేస్‌కి గుండెకాయ లాంటి చోటు. క్యాబినెట్‌ని గోడకు దగ్గరగా జరిపితే ఆ రద్దు పై ఫ్రీక్వెన్సీలకు జరిగిపోతుంది. మూలలో పెడితే బేస్ బాగా పెరుగుతుంది, కానీ నోట్లన్నీ కలిసిపోయి 'బుం బుం' అంటుంది.

'బేస్ తరంగం పొడవు 8 మీటర్లు కాబట్టి 8 మీటర్ల దూరం వెళ్తేనే వినిపిస్తుంది' అన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఇది అపోహ. అదే నిజమైతే హెడ్‌ఫోన్స్‌లో బేస్ వినిపించకూడదు. దూరంగా వెళ్తే తేడా వచ్చేది గోడల వల్ల.

చెవి కూడా ఒక ఆట ఆడుతుంది. లో నోట్స్ విషయంలో మన చెవి మందకొడి. 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్ శబ్దం ఎంత బిగ్గరగా అనిపిస్తుందో, 40 హెర్ట్జ్ దగ్గర అంతే అనిపించాలంటే 80 డెసిబెల్స్ దాటాలి. వాల్యూమ్ పెంచేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. ఇంట్లో తక్కువ సౌండ్‌లో బేస్ పెంచుకుని సెట్ చేసుకున్న నాబ్‌లు స్టేజీ మీద మోతగా అనిపించడానికి కారణం ఇదే.

మరి ఏం చేయాలి?

చర్చిలో వాయించేవాళ్లు, కాలేజ్ బ్యాండ్లు, కొత్తగా నేర్చుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి ఇవీ..

- డ్రమ్స్‌తో కలిసి వాయించేటప్పుడు గిటార్ యాంప్‌లో బేస్ పెట్టకండి. యాంప్ లేకపోతే డీఐ బాక్స్ ద్వారా నేరుగా మిక్సర్‌కి ఇవ్వండి. సబ్ ఊఫర్లున్న పీఏ సిస్టమ్ ఆ లోతుని మోస్తుంది.
- నోట్ వినిపించకపోతే బేస్ నాబ్ కాదు, ముందు మిడ్ నాబ్ కొంచెం పెంచి చూడండి.
- 5 తీగల బేస్ వాడుతుంటే హై పాస్ ఫిల్టర్ ఉందో లేదో చూసుకోండి. 30, 35 హెర్ట్జ్ కింద కోసేసినా సంగీతం ఏమీ పోదు.
- క్యాబినెట్‌ని కొద్దిగా వెనక్కి వాల్చితే స్పీకర్ మోకాళ్లకు కాకుండా చెవులకు వినిపిస్తుంది. అనవసరంగా వాల్యూమ్ పెంచే పని తప్పుతుంది.
- ఓమ్స్ లెక్క చూసుకున్నాకే రెండో క్యాబినెట్ తగిలించండి.
- పాత క్యాబినెట్ కొనేటప్పుడు లావు తీగ మీద నోట్‌ని తక్కువ సౌండ్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచి వినండి. గరగర వస్తే కాయిల్ రాసుకుంటున్నట్టే.

చివరిగా చెవుల సంగతి. బేస్ వినిపించట్లేదని ఒకరు పెంచితే గిటారిస్ట్ పెంచుతాడు, డ్రమ్మర్ గట్టిగా కొడతాడు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు అన్నది పని ప్రదేశాలకు పెట్టుకున్న హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. రిహార్సల్ గదిలో ఆ స్థాయి దాటడం పెద్ద విషయం కాదు. చిరిగిన కోన్‌ని డబ్బు పెట్టి మార్పించొచ్చు. చెవి విషయంలో ఆ అవకాశం లేదు.

మా ఫెస్ట్ రోజు స్టేజీ పక్కనే నాలుగు పెద్ద సబ్ ఊఫర్లు ఉన్నాయి. బేస్‌ని మిక్సర్‌కి కలిపి ఉంటే చాలు, అవే మోసేవి. ఆ గిటార్ యాంప్ కూడా బతికిపోయేది.